పరపతికి రెండర్థాలు

మా బ్యాంకు భాషలో పరపతి అంటే అప్పు పుట్టే యోగ్యత. వ్యవసాయ పరపతి సంఘం, స్వల్పకాలిక పరపతి, పరపతి విధానం – ఈ మాటలు మాకు రోజూ వాడకంలో ఉన్నవే. వీధిలో పరపతి అంటే అది వేరు. "ఆయనకు పైన పరపతి ఉందిరా" అంటే ఆయన ఫోను చేస్తే పని అవుతుందని అర్థం. ఒకే మాటకు ఈ రెండర్థాలూ ఎలా కుదిరాయా అని ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అప్పుడప్పుడు ఆలోచిస్తూ వచ్చాను. మొదటిది నెల నెలా కంతు కట్టి, మాట తప్పకుండా, కొంచెం కొంచెంగా కూడబెట్టుకునేది. రెండోది ఖర్చు పెట్టుకునేది. సినిమా అవార్డుల గురించి రాయాలని నేను కూర్చోలేదు. ఈ మాట గురించి రాయబోతే కలం అటు నడిచింది.

మాది హోసూరు. తమిళనాడు పటంలో ఉన్నా, నలభై కిలోమీటర్లు పోతే బెంగళూరు. ఇంట్లో తెలుగు, అంగట్లో మూడు భాషలూ, ఆఫీసులో తమిళమూ ఇంగ్లీషూ. నా చిన్నతనంలో సినిమా అంటే మా నాయనకు గిట్టేది కాదు. అయితే ఆయనకొక సడలింపు ఉండేది. పోస్టరు మీద నంది బొమ్మ ఉంటే పోవచ్చు. నంది ఎవరు ఇస్తారో, ఎలా ఇస్తారో ఆయనకు తెలియదు. 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిందనీ, ఆ బొమ్మ లేపాక్షి నందిదనీ నాకూ తరువాతే తెలిసింది. ఆయనకు తెలిసిందల్లా ఒక్కటే: పెద్దవాళ్ళెవరో కూర్చుని, చూసి, ఇది మంచిదని సంతకం పెట్టారు. ఇప్పుడు ఆలోచిస్తే అది అచ్చంగా హామీ సంతకమే. సినిమా బాగుండకపోతే నష్టపోయేది మా నాయన జేబులో రెండు రూపాయలు, నంది పరువు. ఆ రెండోది ఉంది గనకే మొదటిదాన్ని ఆయన ధైర్యంగా ఇచ్చేవాడు.

అవార్డు అనేది హామీ అయితే, హామీకి బ్యాంకులో ఉన్న నియమాలే దానికీ ఉండాలి కదా? మాలో అతి పాత నియమం ఒకటుంది. అప్పు మంజూరు చేసేవాడు తన చుట్టానికి తాను మంజూరు చేయరాదు. డైరెక్టర్లకు వాళ్ళ బ్యాంకే అప్పివ్వడాన్ని చట్టమే నిషేధించింది. చుట్టం తీర్చలేడని కాదు, ఊళ్ళో అందరికంటే ముందే తీర్చవచ్చు. అయినా ఇవ్వకూడదు. ఎందుకో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పడం కష్టం. నేను ఇలా చెప్పేవాణ్ణి: నువ్విచ్చిన అప్పు మంచిదే కావచ్చు, కానీ అది మంచిదని చూపించే దారి ఇంక నీకు లేదు.

2017 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016 మూడేళ్ళ నందులూ ఒకేసారి ప్రకటించినప్పుడు నాకు ఇదే గుర్తుకు వచ్చింది. 2014కు ఉత్తమ నటుడు ‘లెజెండ్’ చిత్రానికి బాలకృష్ణ. ఆయన అప్పటికి హిందూపురం శాసనసభ్యుడు, ముఖ్యమంత్రికి బావమరిది, వియ్యంకుడు కూడా. నందికి రూపమిచ్చిన లేపాక్షి ఆ హిందూపురం నియోజకవర్గంలోనే ఉండడం కాకతాళీయమే అనుకోండి. ఆ సినిమాకు ఆ ఏడు మిగతా నందులు కూడా దండిగా వచ్చాయి. న్యాయ నిర్ణేతలు నిజాయితీగానే కూర్చుని ఉండవచ్చు, ఆయన నటన ఆ ఏడు అందరి కంటే మిన్నగానే ఉండి ఉండవచ్చు. ఆ సినిమా నేను చూశాను. విజిల్ వేయలేదు గానీ మధ్యలో లేచి రాలేదు. ప్రశ్న అది కాదు. ఆయనకు నిజంగా అర్హత ఉన్నదనుకుందాం. అప్పుడు ఈ వ్యవహారంలో అందరికంటే మోసపోయింది ఆయనే. చేతికి వచ్చిన చెక్కు అసలైనదే, కానీ ఏ కౌంటరులోనూ చెల్లదు. సందేహం పుట్టిన చోట అర్హుడి అవార్డూ అనర్హుడి అవార్డూ ఒక్క ధరే పలుకుతాయి. పక్షపాతం వల్ల ఓడినవాడికి అన్యాయం జరిగిందంటాం. గెలిచినవాడికి జరిగిన అన్యాయం మనకు కనపడదు, ఎందుకంటే ఆయన మెడలో దండ ఉంటుంది.

అప్పుడు గొడవ పెద్దదే అయింది. ‘రుద్రమదేవి’కి అన్యాయం జరిగిందని గుణశేఖర్ బాహాటంగా లేఖ రాశాడు. పోసాని కృష్ణమురళి ‘టెంపర్’కు తనకొచ్చిన నంది వద్దన్నాడు. రాష్ట్రంలో ఆధార్ కార్డూ ఓటూ లేనివాళ్ళు నందుల మీద విమర్శలు చేస్తున్నారని అధికార పక్షం నుంచి ఒక మాట వచ్చింది. ఆ మాట హైదరాబాదులోని సినిమా వాళ్ళను ఉద్దేశించినది. కానీ హోసూరులో పేపరు చదువుతున్న నాకు అది నేరుగా వచ్చి తగిలింది. నా ఆధార్ తమిళనాడుది, మా నాయన రేషను కార్డూ తమిళనాడుదే. ఆయన నంది బొమ్మను నమ్మి టిక్కెట్టు కొన్నప్పుడు ఎవరూ కార్డు అడగలేదు. నమ్మడానికి లేని సరిహద్దు, నమ్మకం పోయిందని చెప్పడానికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రకటన తరువాత సినిమా నందుల ఊసు ఏళ్ళ తరబడి వినపడలేదు.

రాజు దగ్గర సన్మానం అనేది మనకు కొత్త కాదు. దాని మంచి చెడ్డలు మన కవులకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. శ్రీనాథుడి కనకాభిషేకం కథ అందరికీ తెలుసు. అందులో ఒక సంగతిని మాత్రం మనం గమనించకుండా దాటిపోతాం. ఆ సన్మానం జరిగింది విజయనగరంలో, అంటే ఇప్పటి కర్ణాటక హంపిలో, ప్రౌఢదేవరాయల సభలో. శ్రీనాథుడు బయటి నుంచి వచ్చినవాడు. ఓడిన గౌడ డిండిమభట్టు ఆ సభలో పాతుకుపోయిన పండితుడు. రాజు తన కొలువులోని వాడి కంచుఢక్కను పగలగొట్టించి, పొరుగు నుంచి వచ్చినవాడి మీద బంగారం పోయించాడు. వాదం అందరి ముందూ జరిగింది, ఓడినవాడు ఎదురుగానే ఉన్నాడు, ఎందుకు ఓడాడో విన్నవాళ్ళందరికీ తెలుసు. ఈ కథలో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో పండితులు తేల్చుకోనీ. ఆరు వందల ఏళ్ళుగా మనం దీన్ని చెప్పుకుంటున్నామంటే, సన్మానం ఎలా ఉంటే నమ్ముతామో మనకు మనం చెప్పుకుంటున్నట్టే. బంగారం బరువు ఎంతో ఎవరూ చెప్పరు. ఢక్క పగిలిన సంగతి మాత్రం అందరూ చెబుతారు.

పోతన కథ రెండో వైపు. రాజుకు అంకితమివ్వనన్నాడు, మడక దున్నుకున్నాడు అంటారు. సన్మానం వద్దనడమే గొప్ప అని మనకు చిన్నప్పటి నుంచీ నూరి పోశారు. అందువల్ల జరిగిందేమిటంటే, వద్దనలేని మామూలు మనుషులం ఎలా పుచ్చుకోవాలో ఎవరూ నేర్పలేదు.

తెలంగాణ ప్రభుత్వం తన అవార్డులకు గద్దర్ పేరు పెట్టింది. ఆ పేరు పెట్టడంలో ఒక చిత్రముంది. ‘ఒరేయ్ రిక్షా’లో పాటకు నంది వస్తే గద్దర్ తీసుకోలేదు. సర్కారు అవార్డు వద్దన్న మనిషి పేరు మీద సర్కారు అవార్డు! ఆయన 2023 ఆగస్టులో పోయాడు గనక ఇప్పుడు వద్దనలేడు. ఆ అవార్డులు మొదటిసారి 2025 జూన్ 14న హైదరాబాదులో ఇచ్చారు. ఉత్తమ నటుడు ‘పుష్ప 2’కు అల్లు అర్జున్, ఇచ్చింది ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి. అంతకు ఆరు నెలల క్రితం, 2024 డిసెంబరు 4 రాత్రి, అదే సినిమా చూడడానికి సంధ్య థియేటరుకు వచ్చిన జనం తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో పడ్డాడు. డిసెంబరు 13న ఆ నటుణ్ణి అరెస్టు చేశారు, ఆ రోజే హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. తరువాత ఇదే ముఖ్యమంత్రి శాసనసభలో ఆయన తీరును గట్టిగా తప్పు పట్టాడు. జూన్‌లో ఇద్దరూ ఒకే వేదిక మీద, మధ్యలో జ్ఞాపిక.

దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. నేరం వేరు, కళ వేరు; కేసు కోర్టు చూసుకుంటుంది, నటన జ్యూరీ చూసుకుంటుంది, ప్రభుత్వం రెండింటినీ కలపలేదు – ఇది మెచ్చుకోదగ్గ సంగతి. లేదా, ఇద్దరికీ రాజీ అవసరమైంది, వేదిక అందుకు అనువుగా దొరికింది. నాకు మొదటిదే నిజమని నమ్మాలని ఉంది. నమ్మడానికి చేతిలో కాగితం లేదు. ఎవరెవరిని పరిశీలించారు, ఏ మెట్టు మీద ఎవరు వెనకబడ్డారు అనే వివరం జనం ముందు లేనప్పుడు, మంచి నిర్ణయం కూడా బేరం లాగే కనపడుతుంది. మేము పదివేల రూపాయల పంట రుణం నిరాకరించినా కారణం రాసి ఫైలులో పెట్టాలి. లక్షల మంది చూసే నిర్ణయానికి ఆ ఫైలు ఏదీ?

తార రాజకీయాల్లోకి వస్తే ఏమవుతుందని అందరూ రాస్తూనే ఉన్నారు. మాకు అది పాత సంగతి. ఇటు 1977లో ఎం.జి.ఆర్., అటు 1983లో ఎన్.టి.ఆర్. – రెండు సింహాసనాల మధ్య పెరిగిన ఊరు మాది. అయితే ఈ విషయంలో జనాన్ని తక్కువగా అంచనా వేయకూడదని నా అనుభవం. చిరంజీవి అంతటి తార 2009లో పార్టీతో వస్తే 294 స్థానాల్లో 18 ఇచ్చారు. పవన్ కల్యాణ్‌ను 2019లో నిలబడిన రెండు చోట్లా ఓడించారు, అదే మనిషి పార్టీకి 2024లో పోటీ చేసిన 21కి 21 ఇచ్చారు. కారణాలు ఎన్నైనా ఉండనివ్వండి. అభిమానం వేరు, పూచీకత్తు వేరు అని ఓటరుకు తెలుసు. ఓటుకు ఒక లెక్కింపు ఉంది, ఎదుటి పక్షం ఏజెంటు అక్కడే కూర్చుంటాడు. సినిమా అవార్డుకు అటువంటి ఏజెంటు లేడు. అందుకే అది రాజకీయానికి పనికి వచ్చినంత సులభంగా రాజకీయం దానికి పనికిరాదు. ఎం.జి.ఆర్.కు 1972లో ‘రిక్షాకారన్’ చిత్రానికి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చినప్పుడు ఇది కళకా, పార్టీకా అని మద్రాసులో అనుకున్నవాళ్ళు తక్కువేమీ కాదు. ఆయన ఓట్లను మాత్రం ఎవరూ అలా అనలేకపోయారు.

ఇక ప్రైవేటు అవార్డులు. ఇవి టీవీ కార్యక్రమాలు, కళా పరిశీలనలు కావు అని ముందే ఒప్పుకుంటే సగం కోపం తగ్గుతుంది. ప్రకటనదారుకు తారలు కావాలి, తారలు రావాలంటే ఏదో ఒకటి చేతికివ్వాలి. అందుకని ఉత్తమ నటుడు ఒకడు చాలక, విమర్శకుల ఉత్తముడు, ప్రేక్షకుల ఉత్తముడు అని పుట్టుకొస్తారు. రిషి కపూర్ 2017లో వెలువడిన తన ఆత్మకథలో ‘బాబీ’ రోజుల్లో ఒక అవార్డు కోసం ముప్పై వేల రూపాయలు ఇచ్చానని, అందుకు సిగ్గుపడుతున్నానని రాసుకున్నాడు. ఆ ఏడే అమితాబ్ ‘జంజీర్’ వచ్చింది. నలభై ఏళ్ళు పైన ఆ సంగతి కడుపులో పెట్టుకుని ఉన్నాడంటే, కొన్న వస్తువు ఆయనకు సుఖమివ్వలేదనే కదా. దీనికి ఎదురుగా ప్రాణ్ ఉన్నాడు. ‘బేఇమాన్’ చిత్రానికి తనకు వచ్చిన ఫిల్మ్‌ఫేర్ అవార్డును, ‘పాకీజా’ సంగీతానికి గులాం మహమ్మద్‌కు ఇవ్వలేదని తిరస్కరించాడు. గులాం మహమ్మద్ అప్పటికి చనిపోయి నాలుగైదేళ్ళు. పైగా సంగీతం అవార్డు వచ్చింది ప్రాణ్ నటించిన ‘బేఇమాన్’కే. తన సినిమా గెలిచినందుకు తానే అలగడం! సినిమాల్లో ఎంత దుర్మార్గుడో బయట అంత మనిషి.

2023 జనవరిలో ‘నాటు నాటు’ పాటకు గోల్డెన్ గ్లోబ్ వచ్చినప్పుడు, మా బ్రాంచిలో తమిళ క్యాషియరు నా క్యాబినులోకి వచ్చి చేయి కలిపి "సార్, మీ పాట" అన్నాడు. మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు స్వీట్లు నేనే తెప్పించాను. "మీ పాట" అన్న మాటకు ఇక్కడ ఉన్న బరువు హైదరాబాదులో ఉండదు. అక్కడ అది పాట మాత్రమే. అయితే గోల్డెన్ గ్లోబ్ ఇచ్చే సంఘం చరిత్ర మంచిది కాదు. ఎనభై ఏడు మంది సభ్యులున్న ఆ సంఘంలో ఒక్క నల్లజాతి సభ్యుడూ లేడని 2021లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ బయటపెట్టింది. ఒక ధారావాహిక తీసేవాళ్ళు ముప్పై మందికి పైగా సభ్యులను పారిస్ తీసుకువెళ్ళి మర్యాద చేశారని, తరువాత ఆ ధారావాహిక పేరు పోటీ జాబితాలో కనపడిందని కూడా రాసింది. టామ్ క్రూజ్ తన మూడు గ్లోబులూ వెనక్కి పంపేశాడు. 2022లో ఎన్.బి.సి. ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేయలేదు. మన పాటకు అవార్డిచ్చిన ఐదు నెలలకు, 2023 జూన్‌లో, ఆ సంఘాన్నే మూసేశారు.

హామీదారు పోయాక హామీ ఏమవుతుంది? మా దగ్గరైతే కొత్త హామీ అడుగుతాం. ఈ పాటకు ఆ అవసరం రాలేదు. 2022 మార్చిలోనే మా హోసూరు కుర్రాళ్ళు, తెలుగు తెలియనివాళ్ళు కూడా, తెర ముందుకు పోయి చెప్పులు విడిచి ఎగిరారు. కానీ క్యాషియరు చేయి కలపడానికి మాత్రం ఆ గ్లోబు కావలసి వచ్చింది. ఇక్కడే నాకు పేచీ. అవార్డు అబద్ధమని కొట్టిపారేయలేను, నాకు అందిన గౌరవం నిజం గనక. నిజమనీ అనలేను, ఇచ్చినవాడి పుస్తకాలు నేను చూశాను గనక.

ఇంత వరకూ ఇతరుల జమాఖర్చు. నాదీ ఒకటుంది.

సుమారు పన్నెండేళ్ళ క్రితం మా జిల్లాలోనే ఒక ఊళ్ళో బ్రాంచి మేనేజరుగా ఉన్నాను. అక్కడొక తెలుగు సంఘం. ఉగాది సంచికకు ప్రకటన అడగడానికి నలుగురు వచ్చారు. వెనక అట్ట, పదివేలు. నా అధికారంలో ఉన్న మొత్తమే, ఇచ్చాను. కాఫీ తాగి లేస్తూ, "సార్, ఈ ఏడు భాషాసేవ పురస్కారం మీకే అనుకుంటున్నాం" అన్నారు. నేను చేసిన భాషాసేవ ఏమిటంటే, ఈ పత్రికకూ మరొక పత్రికకూ చందా కట్టడం, కౌంటరులో తెలుగువాళ్ళతో తెలుగులో మాట్లాడడం. వద్దని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. సభ నాడు మా ఆవిడ పట్టుచీర కట్టింది, అమ్మాయి ఫోటోలు తీసింది. శాలువా కప్పారు. చదివిన సన్మాన పత్రంలో నేను నన్ను గుర్తుపట్టలేకపోయాను.

మూడో వరసలో ఆ ఊరి తెలుగు పంతులుగారు కూర్చుని ఉన్నారు. ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన మనిషి. బడిలో తెలుగు సెక్షను ఎత్తేశాక, సాయంత్రాలు తన అరుగు మీద పిల్లలకు గుణింతాలు చెప్పేవారు, పైసా తీసుకోకుండా. ఆయన అందరితో పాటు చప్పట్లు కొట్టారు. మొహమాటానికి కాదు, నిజంగా కొట్టారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వచ్చి, వణికే చేత్తో తెలుగులోనే సంతకం పెట్టి, "మేనేజరు గారూ, మీలాంటి పదవిలో ఉన్నవాళ్ళకు సన్మానం జరిగితే పిల్లలకు తెలుగు మీద గౌరవం కలుగుతుందండీ" అన్నారు. ఆయన వెటకారమాడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. మరో రెండేళ్ళకు ఆయన పోయారు. ఆ ఉగాది సంచికలో ఆయన ఫోటో వేశారు, లోపలి పేజీలో. వెనక అట్ట మీద మా బ్యాంకు ప్రకటన.

బి.కాం. మొదటి ఏడాది మొదటి నెలలోనే ఒక సూత్రం బట్టీ పట్టిస్తారు: పుచ్చుకున్నవాడి ఖాతాకు డెబిట్, ఇచ్చినవాడి ఖాతాకు క్రెడిట్. శాలువా పుచ్చుకున్న రోజు నేను బాకీదారుణ్ణయ్యానని నాకు తెలియలేదు. ఎవరికి బాకీ అనేది కూడా తప్పుగా రాసుకున్నాను. సంఘానికి అనుకున్నాను, మరుసటి ఏడు కూడా ప్రకటన ఇచ్చి తీర్చాననుకున్నాను.

సంఘాన్ని నేను నిందించడం లేదు. ఆ పదివేలతోనే సంచిక అచ్చయింది, అందులో ఆ ఊరి పిల్లల పద్యాలు ఆరు వచ్చాయి. ప్రకటనలు లేకపోతే సంచిక లేదు, సంచిక లేకపోతే ఆ ఊళ్ళో ఏడాదికొకసారి తెలుగు అక్షరం అచ్చులో కనపడే దారే లేదు. నిక్కచ్చిగా ఉందామంటే మూతపడే సంఘాలు మనవి. సర్కార్లకూ టీవీలకూ ఆ ఇబ్బంది లేదు. వాళ్ళకు చెప్పిన నియమం మనకు వర్తించదని అనుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. ఆ సాకులో నిజం కూడా ఉండడమే నన్ను తినేస్తోంది.

పోయిన నెల అదే సంఘం నుంచి ఫోను వచ్చింది. ఇప్పుడు నడిపేది కొత్త కుర్రాళ్ళు. ఈ ఏటి పురస్కారాలకు నన్ను న్యాయనిర్ణేతగా ఉండమన్నారు. జాబితా వాట్సాపులో పంపారు. ఐదు పేర్లు, పక్కనే ఇంకొక గడిలో ఎవరి ద్వారా ఎంత ప్రకటన వచ్చిందో ఆ మొత్తం. దాచాలని కూడా వాళ్ళకు తోచలేదు. ఒకే కాగితం మీద రెండు లెక్కలూ వేసుకున్నారు, అంతే. ఒకామె పేరు ఎదురుగా సున్నా ఉంది. అంగన్‌వాడీలో పనిచేస్తూ పిల్లలకు తెలుగు పాటలు నేర్పుతుందట.

ఒప్పుకుంటాను గానీ రెండు పనులు చేయాలన్నాను. ఆ రెండో గడి తీసేసి జాబితా మళ్ళీ పంపాలి. ఎవరిని ఎందుకు ఎంచామో, మిగతావాళ్ళను ఎందుకు ఎంచలేదో నాలుగు వాక్యాలు సంచికలో వేయాలి. అటు వైపు కాసేపు మాట లేదు. తరువాత ఒక కుర్రాడు మర్యాదగానే అడిగాడు: "మరి అలా వేస్తే వచ్చే ఏడు వెనక అట్ట ఎవరిస్తారు సార్?"

నా జీతంలోంచి ఇస్తానన్నాను, బ్యాంకు పేరు వద్దు, ఖాళీగా వదిలెయ్యమన్నాను. కమిటీలో మాట్లాడి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.